తొమ్మిదో పేరు

నూర్ మొహమ్మద్ మాస్టారి ఎర్ర పెన్నంటే గురజాలలో రెండు తరాలకు హడల్. హైస్కూల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు సైన్సు చెప్పి, రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆ పెన్ను మాత్రం రిటైర్ కాలేదు. ఇంటికి శుభలేఖ వస్తే ముందు అందులో తప్పులు దిద్దుతారు, ఆ తర్వాతే పెళ్ళికి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తారు. పేర్లకు ముందూ వెనకా తగిలించే తోకలంటే మరీ ఒళ్ళు మంట. మా వైపు ఫ్లెక్సీల్లో డాక్టరు కానివాడు పాపం ఎవడూ ఉండడు. మాస్టారు ఫ్లెక్సీ కింద నిలబడి, "ఏం చదివాడు? ఎక్కడ చదివాడు? ఎవరి ఉప్పు తింటున్నాడు?" అని గట్టిగానే అడిగేవారు. క్లాసులో పిల్లలకూ అదే నేర్పారు. ఎవరైనా ఏదైనా చెబితే ముందు ఈ మూడూ తేల్చుకోండిరా, తర్వాత నమ్మండి అని.

అందుకే శనివారం పొద్దున్న పదింటికి కీర్తి ఒక లిస్టు పట్టుకుని నేరుగా ఆయన ఇంటికే వచ్చింది. కీర్తి ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఊళ్ళోనే కోర్టులో జూనియర్ లాయరు. వెంట వీరరాఘవమ్మ కూడా ఉంది. ఆవిడ భర్తను ఊరంతా చంటి అనే పిలిచేవాళ్ళు, యాభై దాటినా ఆ పేరు పోలేదు. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి క్వారీలో డ్రిల్లింగు పని. పోయిన మే నెలలో మధ్యాహ్నం రెండున్నరకు పని చేస్తూ చేస్తూ కూలబడ్డాడు. ఆటోలో ఎక్కించేసరికే ప్రాణం పోయింది. వడదెబ్బ అంటుంది వీరరాఘవమ్మ. గుండెజబ్బు అంటుంది కంపెనీ.

"సోమవారం వాయిదా సార్," అంది కీర్తి. "మంట లాంటి ఎండలో మధ్యాహ్నం పని ఆపాల్సింది, ఆపలేదు అని మన వాదన. అసలు ఎండే ఎక్కువ లేదు అని వాళ్ళ వాదన. దానికి ఈ రిపోర్టు పెట్టారు. పదకొండు మంది సైంటిస్టుల మాటలు పేర్లతో సహా వేశారు. భూమి వేడెక్కడమనేది ఉత్త ప్రచారమట. పల్నాడులో అయితే ముప్పై ఏళ్ళలో వేడి పెరగకపోగా రెండు డిగ్రీలు తగ్గిందట."

"తగ్గిందంట సారూ," అంది వీరరాఘవమ్మ గుమ్మం పక్కన కూర్చుంటూ. "మా ఆయన పోయిన్రోజు చల్లంగానే ఉందంట. ఎవురో చానా చదువుకున్నోళ్ళు చెప్పారంట. నేనేమో ఆయన ఒంటి మీద చెయ్యేస్తే పెనం మీద ఏసినట్టుంది. నాకేం తెలుసులే, చదువుకోలేదు."

మాస్టారి భార్య సాబిరా ఆవిడకు చల్లటి కుండనీళ్ళు ఇచ్చింది. కీర్తి ఒక పెద్ద కాగితం బల్ల మీద పరిచింది. పదకొండు పేర్లు, వాటికెదురుగా మూడు గళ్ళు. ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు, డబ్బు ఎవరిది.

"మీరు చెప్పినట్టే గీశాను సార్. ఇంటర్నెట్టులో దొరికింది దొరికినట్టు రాశాను. మీరు దిద్ది మార్కులు వెయ్యండి."

మాస్టారికి పండగే. కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర పెన్ను మూత తీశారు. మొదటి పేరు డాక్టర్ గోపాలకృష్ణయ్య. ఆ పేరు చూడగానే కళ్ళజోడు మళ్ళీ ఒకసారి తుడుచుకున్నారు. "ఈయన డాక్టరేట్ నిజమే. కానీ సిమెంటు గట్టిపడటం మీద. ఎండ మీద కాదు. ఇరవై ఏళ్ళుగా సిమెంటు కంపెనీలకు సలహాదారు," అని పదికి రెండు వేశారు. రెండో ఆయన విదేశీ ఆర్థికవేత్త, బొగ్గు గనుల సంఘం జీతం. ఒకటి. మూడో ఆయన చదివింది పళ్ళ డాక్టరీ.

"పళ్ళు పీకేవాడికి భూమి జ్వరంతో పనేంటమ్మా?" అని మాస్టారు నవ్వితే కీర్తి కూడా నవ్వింది.

నాలుగో పేరు దగ్గర మాత్రం ఆయన నవ్వు ఆపారు. "ఇతను నిజమైన శాస్త్రవేత్త. మేఘాల మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు, విశ్వవిద్యాలయం జీతం తప్ప వేరే పైసా లేదు. ఇతనికి కొన్ని లెక్కల మీద అనుమానాలున్నాయి. అనుమానం తప్పు కాదమ్మా, సైన్సు బతికేదే దాని మీద. ఎనిమిది వేస్తున్నా. కానీ ఇతను పల్నాడు గురించి ఒక్క ముక్క అనలేదు. ఎక్కడో అన్న మాట తెచ్చి ఇక్కడ అతికించారు, అంతే."

"మరి డబ్బు తీసుకున్నవాళ్ళంతా అబద్ధం చెబుతున్నట్టేనా సార్? కోర్టులో ఇదే అడుగుతారు."

"కాదు. డబ్బు తీసుకున్నంత మాత్రాన మాట అబద్ధమైపోదు. కానీ ఆ డబ్బు సంగతి దాచాడనుకో, అప్పుడు వాడి మాట మొదటినుంచీ మళ్ళీ చూసుకోవాలి."

ఆ మాట అనడం ఎంత తేలికగా అన్నారో! నోరు ఉంది కదా అని అనేశారు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది పేర్లు చకచకా దిద్దేశారు. తొమ్మిదో పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

డా. ఎస్. ఎన్. మహమ్మద్, వాతావరణ శాస్త్రవేత్త, పల్నాడు. ఎదురుగా మూడు గళ్ళూ ఖాళీ.

"ఈయనొక్కడే దొరకలేదు సార్," అంది కీర్తి. "నిజానికి గట్టివాడు ఈయనే. మిగతావాళ్ళవి గాలి కబుర్లు. మన ఊరి లెక్కలున్నది ఈయన దగ్గరే. ముప్పై ఏళ్ళ రోజువారీ రీడింగులట. జడ్జిగారు పట్టుకునేది దీన్నే." ఖాళీ గళ్ళకేసి చూస్తూ, "మీరు కూడా మాతో రోజూ రీడింగులు తీయించేవారు కదా. ఆ రిజిస్టరు ఉంటే ఈయన్ని నిలదీయొచ్చు," అంది.

"చెదలు తినేసిందమ్మా," అన్నారు మాస్టారు.

అబద్ధం నోట్లోంచి ఎంత నున్నగా జారిందంటే ఆయనకే భయమేసింది. "మిగతావి రేపు చూసి చెబుతా, కాగితం ఉంచు," అని లేచారు. వీరరాఘవమ్మ పోతూ పోతూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మా చిన్నోడు మీ బళ్ళోనే చదివాడు సారూ. మీ మాటంటే మాకు రాతి మీద గీత," అంది. మాస్టారు తిరిగి నమస్కారం కూడా పెట్టలేకపోయారు.

తొమ్మిదో ఆయన ఎవరో వేరే చెప్పాలా? షేక్ నూర్ మొహమ్మద్, బి.ఎస్సీ., బి.ఇడి.

ఆ రిజిస్టరు కథ పెద్దదేమీ కాదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కూలు మైదానం మధ్య ఒక చెక్క పెట్టె నిలబెట్టించారు. చుట్టూ గాలి ఆడే పలకలు, లోపల ఉష్ణమాపకం. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక పిల్లో పిల్లాడో వెళ్ళి చూసి రిజిస్టరులో రాయాలి. ఒంటిపూట బళ్ళయినా, ఎండాకాలం సెలవులైనా వంతు వంతే. ఊళ్ళో ఉన్న పిల్లలు వచ్చి రాసిపోవాల్సిందే. మిగతా మాస్టర్లు నవ్వినా ఆయన పట్టు వదల్లేదు.

రెండు వేల తొమ్మిది మే నెలలో వంతు ఎనిమిదో తరగతి కీర్తిది. స్కూలు వెనక వీధిలో ఉండే మాస్టారు అటుగా వచ్చి చూసేసరికి పిల్ల పెట్టె కింద పడి ఉంది. పెదవులు ఎండిపోయి, ఒళ్ళు కాలిపోతోంది. ఎత్తుకుని పరిగెత్తారు. గంటన్నరకు గానీ తెలివి రాలేదు. ఆ గంటన్నరలో ఆయన పదేళ్ళు ముసలివారయ్యారు. మర్నాడే మనిషిని పెట్టి ఆ పెట్టెను పీకించి, ఉత్తరం వైపు పెంకుల వరండాలో పెట్టించారు. ఇక పిల్లలు ఎండలోకి పోనక్కర్లేదు. రిజిస్టరులో ఆ సంగతి ఎర్ర సిరాతో రాశారు కూడా.

నీడలో పెట్టిన ఉష్ణమాపకం నీడ సంగతే చెబుతుంది. ఆ రోజు నుంచి అంకెలు మూడు నాలుగు డిగ్రీలు దిగిపోయాయి. ఎండ మునుపెన్నడూ లేనంత ముదిరింది కాబట్టి పెట్టెను నీడకు మార్చారు. పెట్టె నీడకు మారింది కాబట్టి, అంకెలు మాత్రమే చూసేవాడికి ఊరు చల్లబడినట్టు కనిపిస్తుంది. ఇంతకన్నా వెటకారం ఏముంటుంది?

మూడేళ్ళ క్రితం గోపాలకృష్ణయ్య కారు దిగి ఇంటికొచ్చాడు. రిజిస్టర్లు ఒక్కొక్కటీ తిరగేసి, "మాస్టారూ, ఇది బంగారం. మీలాంటి వాళ్ళు పట్నంలో ఉంటే ఎక్కడో ఉండేవాళ్ళు," అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ రిజిస్టర్లను బంగారం అన్నవాడు అతనొక్కడే. మాస్టారు కరిగిపోయారు. ఎర్ర సిరా పేజీ దగ్గరకొచ్చాక అతను కొంచెం ఇబ్బందిగా ముఖం పెట్టి, "ఈ ఒక్క పేజీ గందరగోళంగా ఉంది. ఇది లేకపోతే అంకెలు శుభ్రంగా ఉంటాయి," అన్నాడు.

అతను చింపలేదు. చింపమనీ అనలేదు. బ్లేడు తెచ్చి, కుట్టు దగ్గర జాగ్రత్తగా కోసింది మాస్టారే.

అంకెలన్నీ ఫోటోలు తీసుకుని అతను వెళ్ళిపోయాడు. తర్వాత, చంటి పనిచేసిన ఆ సిమెంటు కంపెనీ వార్షికోత్సవంలో శాలువా కప్పి, ఇత్తడి పలక చేతికిచ్చారు. దాని మీద 'డాక్టర్ ఎస్. ఎన్. మహమ్మద్' అని చెక్కి ఉంది. ఎవడి ఫ్లెక్సీ మీదైనా ఆ తోక కనిపిస్తే గొడవపడే మనిషి, ఆ రోజు స్టేజీ మీద నవ్వుతూ ఫోటోకు నిలబడ్డారు. రెండు నెలలకు కొడుకు ముజాహిద్‌కు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అదీ ఇదీ ఒకటేనని ఎవరూ అనలేదు. ఇంటికి తెచ్చిన పలకను మాత్రం ఆయన షోకేసులో పెట్టనివ్వలేదు. బీరువాలో సాబిరా చీరల అడుగున పెట్టించారు. మనసులో మచ్చ లేనివాడు పలకను చీరల కింద ఎందుకు దాస్తాడు?

ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. సాబిరా కంచం తీస్తూ, "ఆ తొమ్మిదో పేరు మీదే కదండీ," అంది.

"నీకెట్టా తెలుసు?"

"చెదలు తినేసిందన్నారుగా. మనింట్లో చెదలు ఏనాడు పట్టింది? మీరు అబద్ధం ఆడితే నాకు తెలీదా, నలభై ఏళ్ళ కాపురం." గొంతు తగ్గించింది. "ఇప్పుడు చెబితే ముజాహిద్ ఉద్యోగం ఉంటదా? కోడలికి ఏడో నెల. వాడేమన్నా ఊరికే తెచ్చుకున్నాడా, పరీక్ష రాశాడు."

"రాసినవాళ్ళు నలభై మంది సాబిరా."

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన ముజాహిద్‌ను కూర్చోబెట్టి మాస్టారే చెప్పారు. కొడుకు అరుస్తాడనుకున్నారు. అరవలేదు. షూ విప్పుకుంటూ తల దించుకునే మాట్లాడాడు.

"నాకు మొదట్నించీ తెలుసు అబ్బాజాన్. ఇంటర్వ్యూలో కెమిస్ట్రీ ఒక్క ముక్క అడగలా. మీ నాన్నగారు ఎట్టా ఉన్నారు అని అడిగారు, ఎల్లి జాయినవ్వమన్నారు. పరీక్షలో నాకన్నా బాగా రాసినోడు సుభానీ. ఇప్పుడు బస్టాండ్ కాడ సెల్ ఫోన్లు రిపేరు చేస్తన్నాడు. రోజూ వాడి కొట్టు ముందు నించే బస్సెక్కాలి నేను."

"నాతో ఎందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పను? అందర్నీ దిద్దేది మీరు. మిమ్మల్ని దిద్దేది ఎవురు?"

ముజాహిద్ లోపలికి పోబోతూ ఆగి, "మీ ఇష్టం అబ్బా. చేతిలో పనుంది, ఇంకోచోట దొరక్కపోదు. కానీ ఇప్పుడు చెబితే అంతా చెప్పండి. నా సంగతి కూడా. సగం చెబితే చెప్పనట్టే," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అనిపించింది మాస్టారికి.

ఆదివారం పొద్దున్నే మాస్టారు పాత లాగరిథం పట్టికల పుస్తకం తీశారు. కోసిన పేజీ అందులోనే మడత పడకుండా ఉంది. పారేయడానికి మూడేళ్ళుగా చేతులు రాలేదు, చూడటానికి కళ్ళూ రాలేదు. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టుకుని కీర్తి కాగితం పరిచారు. తొమ్మిదో పేరు ఎదురుగా మొదటి గడిలో 'బి.ఎస్సీ., బి.ఇడి. డాక్టరేట్ లేదు' అని రాశారు. రెండో గడిలో 'హైస్కూలు సైన్సు మాస్టరు. శాస్త్రవేత్త కాదు'. మూడో గడిలో 'శాలువా, పలక, కొడుకు ఉద్యోగం' అని రాసి, ఆ పక్కనే సున్నా చుట్టారు. ముప్పై ఏళ్ళలో ఆయన ఏ పిల్లాడికీ సున్నా వెయ్యలేదు. కనీసం పేరు సరిగ్గా రాసినందుకు ఒక మార్కు వేసేవారు. ఇక్కడ పేరు కూడా సరిగ్గా లేదాయె.

కీర్తి ఆఫీసు వాళ్ళింటి ముందుగదిలోనే. మాస్టారు వెళ్ళేసరికి వీరరాఘవమ్మ అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. రేపటి వాయిదాకి ఏం చెప్పాలో అడిగి తెలుసుకుందామని వచ్చిందట. ఆవిడ లేకుండా చెబుదామనుకుని దారంతా మాటలు కూడగట్టుకున్నారు మాస్టారు. ఆవిణ్ణి చూడగానే అవన్నీ ఎటో పోయాయి. వెనక్కి తిరిగి పోదామా అనిపించింది కూడా, ఒక్క అర నిమిషం. తర్వాత కాగితం, దాని మీద పేజీ పెట్టి కీర్తి ముందుకు జరిపారు.

"తొమ్మిదో ఆయన నేనేనమ్మా," అన్నారు.

కీర్తి ఆశ్చర్యపోలేదు. "ఆ గళ్ళు నేను కావాలనే ఖాళీగా వదిలాను సార్," అంది మెల్లగా. "మన ఊళ్ళో ముప్పై ఏళ్ళు రీడింగులు తీసినవాళ్ళు ఇంకెవరున్నారు? మీరే రాస్తే బాగుంటుందనుకున్నా." అని పేజీ చేతిలోకి తీసుకుంది. అందులో చివరి వరుస ఆమె దస్తూరీయే, ఎనిమిదో తరగతి పిల్ల గుండ్రటి అక్షరాలు. తేదీ ఉంది. సమయం రెండు గంటలు అని ఉంది. రీడింగు గడి ఖాళీ. దాని కింద ఎర్ర సిరాతో మాస్టారి అక్షరాలు. 'విద్యార్థిని స్పృహ తప్పి పడిపోయింది. ఈ ఎండలోకి పిల్లలను పంపరాదు. పెట్టెను వరండాలోకి మార్చడమైనది.'

"నేను చూశాను సార్ ఆ రోజు," అంది కీర్తి. "నలభై ఆరున్నర. రాద్దామని పెన్సిలు పెట్టేలోపే కళ్ళు తిరిగాయి. తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

మాస్టారు వీరరాఘవమ్మ వైపు తిరిగారు. ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. గోపాలకృష్ణయ్య రావడం, తను బ్లేడు పట్టడం, స్టేజీ మీద ఫోటోకు నవ్వడం, ముజాహిద్ ఉద్యోగం, కిందటి రోజు ఆవిడ ముందే ఆడిన అబద్ధం. క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగే మొహం ఎక్కడుంది? రేపు కోర్టులో ఇదంతా తనే చెబుతానని మాత్రం అన్నారు.

వీరరాఘవమ్మ చదువు రాని కళ్ళతో ఆ పేజీకేసి చాలాసేపు చూసింది. ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఈ అమ్మాయి పడిపోతే, పెట్టెను నీడకి మార్పించారా సారూ?"

"అవునమ్మా. మర్నాడే."

"మర్నాడే," అంది ఆవిడ. "మా ఆయన పోయిన మర్నాడు కూడా అదే గుంతలో, అదే టయానికి, ఇంకో మనిషిని దింపారు సారూ. అడిగితే ఏ సైంటిస్టు మాటో చెప్పారంట, ఎండ లేదని."

ఆవిడ తిట్టలేదు. తిడితే మాస్టారు తట్టుకునేవారు. తిట్లకు ఆయన రాత్రంతా మేలుకుని సిద్ధమై వచ్చారు. కీర్తి కాగితాలు సర్దుకుంటోంది. మాస్టారు లేచి నిలబడ్డారు గానీ ఎటు పోవాలో తెలియలేదు. పదకొండు దాటింది. బయట రోడ్డు మీద తెల్లటి ఎండ పరుచుకుని ఉంది.

వీరరాఘవమ్మ కూడా లేచింది. పక్కన పెట్టుకున్న తువ్వాలు తీసి, గుమ్మం పక్కనున్న కుండలోని నీళ్ళతో తడిపి, పిండి ఆయన చేతికిచ్చింది.

"నెత్తిన ఏసుకోండి సారూ," అంది. "రేపు కోర్టుకి ఎండెక్కకముందే రండి. పన్నెండు దాటితే మీ ఒళ్ళు తట్టుకోదు. మా ఆయనకి ఇట్టా చెప్పేవాళ్ళు లేకే ప్రాణం పోయింది."

మాస్టారు ఆ తడి తువ్వాలు నెత్తిన వేసుకోలేక, తిరిగి ఇవ్వలేక, రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.